నీలం కన్ను, బొగ్గు కన్ను

పరదేశం నుంచి వచ్చిన కంటి డాక్టర్లకు బహుమతి నేసే పనిలో పడి, మా నాయిన తన కంటి ఆపరేషన్ పోగొట్టుకోబోయాడు. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. నవ్వనీ. నేను కూడా నవ్వొచ్చేలాగే చెప్తాను. ఏడుపొచ్చేలా చెప్తే వినేవాళ్లు చాయ్ తాగి, "అయ్యో పాపం" అని, కప్పు కింద పెట్టి వెళ్లిపోతారు. నవ్వినవాళ్లు మాత్రం ఇంటికి పోయాక, నేను దేనికి నవ్విన అని ఒకసారి అనుకుంటారు. అనుకోవాలె. కోపం నా ఒక్కదానికే ఎందుకుండాలె?

మాది వరంగల్ కొత్తవాడ. మా వాడలో తెల్లవారిందని కోళ్లు చెప్పవు, పంజాలు చెప్తాయి. పంజా అంటే ఇనుప పళ్ల దువ్వెన లాంటిది. జంపఖానా నేసేటప్పుడు అడ్డపోగులను దానితో కొట్టి గట్టిగా కూర్చాలి. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చుంటారు. మా ఇంట్లో ఎడమవైపు అమ్మ, కుడివైపు నాయిన. సగం ఆమె నేస్తుంది, సగం ఆయన నేస్తాడు. మధ్యలో ఎక్కడ కలిశారో కొనుక్కునేవాడికి తెలియకూడదు. వాళ్లిద్దరి మధ్య పంచాయితీ వచ్చి మాటలు బందైన రోజుల్లో కూడా బట్ట మీద ఆ అతుకు కనబడేది కాదు.

నాయిన ఎడమ కన్ను అప్పటికే పోయింది. అది పోయిన తీరు చెప్పాలి.

మొదట మసక వచ్చినప్పుడు దవాఖానకు పోయాడు. డాక్టరు రెప్ప ఎత్తి చూసి, "మోతిబిందు. ఇంక ముదరలే. ముదిరినంక రా" అన్నాడట. మోతిబిందు అంటే కంట్లో శుక్లం. నాయిన ఇంటికొచ్చి ఏదో శుభవార్త తెచ్చినట్టు చెప్పాడు.

"ముదరనీకి అదేమన్న బెండకాయనా?" అన్నాను.

"డాక్టరుకు తెల్వదా? నీకు తెల్సా?" అన్నాడు.

సరే, ముదరబెట్టుకున్నాం. ఇంట్లో అందరం ఆయన కంట్లోకి తొంగి చూసి, మాగేసిన మామిడికాయను చూసినట్టు, ఇంకా కాలేదు, ఇంకా కాలేదు అనుకునేవాళ్లం. ఒకనాడు ఆ కన్ను ఎర్రబడి, తల పగిలిపోయేంత నొప్పి లేచింది. రిక్షాలో మళ్లీ అదే దవాఖానకు తీసుకుపోయాం. అదే డాక్టరు. ఈసారి కోప్పడ్డాడు. "ఇంత ముదిరిందాక ఏం చేస్తాండ్రు? ముందుగాల్ల రావాలె గదా? ఇగ ఈ కన్నుకు చేసేదేం లేదు."

మొదటిసారి పోతే తొందర, రెండోసారి పోతే ఆలస్యం. ఈ రెంటికీ మధ్య సరైన రోజు ఒకటి ఉండే ఉంటుంది. ఆ రోజు మేము మగ్గం మీద ఉన్నాం, డాక్టరు కుర్చీలో ఉన్నాడు. అది వచ్చి ఎవరినీ పలకరించకుండా పోయింది.

ఇక మిగిలింది కుడి కన్ను. దానికీ పొర మొదలైంది. ఎదురుగా వచ్చే మనిషిని నడకను బట్టి, గొంతును బట్టి పోల్చుకునేవాడు. పళ్లెంలో అన్నం ఒక దిక్కు, కూర ఒక దిక్కు పెట్టి అమ్మ ఆయన చెయ్యి పట్టి చూపించేది. మగ్గం మీద మాత్రం ఆగలేదు. చారల జంపఖానాలు చేతివాటంతో నేసేవాడు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ ఆయన పక్కన కూర్చుని తన సగం నేస్తుండేది.

ఎనభైల మొదట్లో, నేను డిగ్రీ చదువుతున్నప్పుడు, రిక్షాకు మైకు కట్టి వాడవాడకూ తిప్పారు. చలిదేశం నుంచి పెద్ద డాక్టర్లు వస్తున్నారు, ఉచితంగా కంటి ఆపరేషన్లు చేస్తారు, నివారించగల అంధత్వాన్ని అంతర్జాతీయ సహకారంతో పారదోలుదాం అని. డాక్టర్లు పనిముట్లన్నీ ట్రంకుపెట్టెల్లో వెంట తెచ్చుకున్నారు. మందులు వాళ్లవే, ఆపరేషన్ తర్వాత పెట్టుకునే సోడాబుడ్డి అద్దాలూ వాళ్లవే. ఇక్కడి పెద్దమనుషులు కమిటీ వేసుకుని ఒక బడి, షామియానా, భోజనాలు ఏర్పాటు చేశారు. సహకారం అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. కత్తి వాళ్లది, కన్ను మాది, మైకు కమిటీది.

కమిటీకి అధ్యక్షుడు ఒక పత్తి సేటు. ఎనుమాముల దిక్కు జిన్నింగు మిల్లు ఉంది. శిబిరం మొదలవకముందే కారు మా వాడ మొదట్లో ఆపి, ధోవతి కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని మా ఇంటికి నడిచొచ్చాడు.

"ఏమ్మా, మీ నాయిన లేడా?"

"ఉన్నడు సేటూ. మగ్గం మీద ఉన్నడు. గట్టిగ పలకుండ్రి, గొంతు ఇనబడితే లేస్తడు."

నాయిన లేచి, సేటు ఉన్న దిక్కుకు కాస్త పక్కగా దండం పెట్టాడు. ఆ దండం మా గోడకున్న క్యాలెండర్‌కు అందింది.

సేటు ఒక పెద్ద కాగితం విప్పి నాయిన చేతికిచ్చాడు. దాని మీద రెండు కళ్లు. వాటి కింద చేతులు కలిపిన బొమ్మ. "ఆ దేశపోళ్లల్ల పెద్ద డాక్టరమ్మకు మన ఊరి గుర్తుగ జంపఖానా ఇయ్యాలని కమిటీల తీర్మానం చేసినం. ఆమె కండ్లు నీలం. అందుకే ఈ గుడ్లు నీలం, నడుమ పాప నలుపు. ఈ వాడల నీ అంత నేసేటోడు లేడని అందరన్నరు."

నాయిన ముఖం వెలిగింది. అది చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ కాగితం ఆయన తలకిందులుగా పట్టుకున్నాడు.

"కుడి కన్ను కూడ మసకైంది సేటూ," అన్నాడు. "శిబిరంల సూపిచ్చుకుందామనుకుంటాన."

"నీ ఆపరేషన్ పూచీ నాది. పేరు నేనే రాయిస్త. జర ఇది కానీయ్ ముందు. ఆపరేషన్ అయితే నెల దాక వంగద్దు, పంజా పట్టద్దు అంటరు. మరి ఇదెవలు నేస్తరు?"

నూలు కూడా సేటే పంపాడు. మామూలుగా మా ఇంట్లో నూలుకు రంగు మేమే వేసుకునేవాళ్లం. నలుపు ఎక్కిన నూలు కొంచెం బిరుసుగా ఉంటుంది, నీలం మెత్తగా ఉంటుంది. చూపు తగ్గినప్పటి నుంచి నాయిన వేళ్లతో తడిమి రంగు చెప్పేవాడు. సేటు పంపింది మిల్లు రంగు నూలు. బహుమతి కదా, ఖరీదైనది. నీలమూ నలుపూ రెండూ పట్టులా ఒకే తీరు. తడిమితే తేడా తెలియదు. నాయిన కంటికి ముదురు నీలమూ నలుపూ ఎప్పుడో ఒకటైపోయాయి. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. పేరున్న నేతగాడు రంగు అడిగి నేయడమా?

శిబిరం మొదలైంది. మా వాడ నుంచి ఇద్దరు ముగ్గురు పోయి కట్లు కట్టించుకుని వచ్చారు. నాయిన మగ్గం దిగలేదు.

"నాయినా, ముందు కన్ను. జంపఖానా తర్వాత," అన్నాను.

"సగం నేసిన పడుగు నెల రోజులు ఇడిస్తే వదులైతది బిడ్డా. ఇగ అది జంపఖానా గాదు, ఉయ్యాల."

"ఉయ్యాలైతే ఊగుదాం."

"నోరు మూసుకుంటవా?"

"కంట్ల కత్తి పెడతరని భయమైతాందా?"

పంజా గట్టిగా పడింది. మా ఇంట్లో అవును అనడానికి అదొక పద్ధతి.

అమ్మ పోగుల లెక్క చెప్తుంటే చేతుల బొమ్మ అయిపోయింది. కళ్లు మొదలయ్యాయి. ఒకనాడు కాలేజీ నుంచి వచ్చి మగ్గం వైపు చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. అమ్మ నేసిన ఎడమ కన్ను కాగితంలో ఉన్నట్టే ఉంది. నీలం గుడ్డు, నల్లటి పాప, చక్కగా చూస్తోంది. నాయిన నేసిన కుడి కన్నులో నీలం లేదు. గుడ్డూ పాపా అంతా నలుపే. కుంపటిలో ఆరిపోయిన బొగ్గు ఉన్నట్టుంది.

కవులైతే దీన్ని గొప్ప ప్రతీక అంటారు. మా ఇంట్లో దీన్ని నూలు దండగ అంటారు.

నేను నోరు తెరిచేలోపు అమ్మ లేచి, నా జబ్బ పట్టుకుని పొయ్యి దగ్గరికి లాక్కుపోయింది.

"చెప్పకు," అంది.

"నువ్వు పక్కనే ఉండి సూడలేదా?"

"సూడక? మొదటి వరసలనే సూసిన. చెప్తే విప్పుతడు. విప్పితే మల్ల నేస్తడు. నేసేసరికి శిబిరం ఎత్తేస్తరు. ఎట్లుంటే గట్ల అయిపోనీ, తీస్కపోదాం."

మా అమ్మ బడికి పోలేదు గానీ, కమిటీలో ఉంటే ఆ కమిటీ ఎంత బాగుపడేదో అని నాకు చాలాసార్లు అనిపించింది. అయితే కమిటీలో ఆడవాళ్లు దండలు అందించడానికే ఉన్నారు.

ఇంకా పైఅంచు మిగిలి ఉండగా సేటు చూడటానికి వచ్చాడు. శిబిరానికి మర్నాడే ఆఖరి రోజు.

"గిదేంది?" అని అరిచాడు. "ఈ కన్నేంది బొగ్గు లెక్కున్నది? డాక్టరమ్మను పిలిచి గుడ్డిదానివి అన్నట్టు లేదా?"

నాయిన చెయ్యి గాలిలో ఆగిపోయింది. మెల్లగా ఆ కన్ను మీద వేళ్లు పెట్టాడు. వేళ్లకు ఏమీ తెలియలేదు. అమ్మ వైపు తిరిగి, "అవునా?" అన్నాడు. అమ్మ తన పంజా కింద పెట్టింది. ఆయనకు అర్థమైంది. పంజా కొసతో పోగులు ఎత్తి విప్పడం మొదలుపెట్టాడు.

"ఆఁ, గట్ల. రాత్రంత, రేపు పగలంత కూసుంటే అయితది," అన్నాడు సేటు. "రేపు సాయంత్రం ఫంక్షను. మంత్రిగారొస్తాండు."

"మరి ఆపరేషన్?" అన్నాను.

"మల్ల వచ్చే ఏడు వస్తరమ్మా. ఫికర్ చేయకుండ్రి. పూచీ నాదన్న గదా."

"పేరు రాయించిండ్రా?"

సేటు జేబు తడుముకున్నాడు. "రాయిద్దామనే అనుకున్న. పనుల్ల పడి..." చాయ్‌లో చక్కెర వేయడం మరిచిపోయిన మనిషి ఎట్లా అంటాడో అట్లా అన్నాడు.

నేను గూట్లోంచి కత్తెర తీశాను.

నేసే మనిషి చచ్చిపోతే తప్ప మధ్యలో పడుగు, అంటే నిలువు పోగులు, కొయ్యరని మా అమ్మ చెప్పేది. లాగి కట్టిన పోగులు కత్తెర తగిలితే ఊరికే తెగవు. ఒక్కొక్కటీ టప్‌మని ఎగిరి తెగుతాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా కోసుకుంటూ పోయాను. సినిమాలో అయితే ఇక్కడ ఉరుము ఉరమాలి. మా ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. అమ్మ వాటిని దింపడానికి కూడా లేవలేదు.

"పిల్లకు పిచ్చి లేసిందా?" అన్నాడు సేటు.

"ముదరలే సేటూ," అన్నాను. "ముదిరినంక చెప్త."

ఆయన వెళ్లిపోయాడు. నాయిన చేతిలో పంజా పట్టుకుని, ఎదురుగా వేలాడుతున్న తెగిన పోగులను తడుముతూ కూర్చున్నాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టడానికి నేను ఎటువైపు ఉన్నానో ఆయనకు తెలియదని గుర్తొచ్చి కొంచెం ధైర్యం వచ్చింది, ఆ వెంటనే ఆయన చేతికి అందేలా దగ్గరికి జరిగాను.

"ఇగ లేవుండ్రి," అంది అమ్మ ఆయనతో. "పొద్దున్నే పోవాలె."

బడికి పోయేసరికి వరండా నిండా మనుషులు. కేసముద్రం నుంచి, వర్ధన్నపేట నుంచి, ఎక్కడెక్కడి నుంచో బండ్లు కట్టుకుని వచ్చినవాళ్లు వట్టి గచ్చు మీద వరసగా పడుకుని ఉన్నారు. గులాబీ రంగు బ్యాడ్జి పెట్టుకున్న కమిటీ మనిషి ఒకడు, "పేర్లు అయిపోయినయ్, వాపస్ పోండ్రి," అన్నాడు. మేము పోలేదు. వరండా చివర జాగా చూసుకుని, మగ్గం మీంచి కోసి తెచ్చిన జంపఖానా పరిచి నాయినను దాని మీద పడుకోబెట్టాం. చలిదేశపు డాక్టరమ్మకు మా ఊరి గుర్తు ఆ విధంగా పనిలోకి వచ్చింది.

మా పక్కన వర్ధన్నపేట దిక్కు నుంచి వచ్చిన ముసలామె పడుకుని ఉంది. ఆమెకు రెండు కళ్లూ తెల్లబడ్డాయి. చేత్తో జంపఖానా అంచు తడిమి, "మెత్తగున్నది. ఎవలు నేసిండ్రయ్యా?" అంది.

"నేనే, అక్కా," అన్నాడు నాయిన. "జర ఇటు జరుగు. గచ్చు సల్లగున్నది."

ఇద్దరూ దాని మీదే పడుకున్నారు. ఆమె నీలం కన్ను మీద, ఆయన సగం విప్పిన బొగ్గు కన్ను మీద.

కాసేపటికి డాక్టరమ్మ వచ్చింది. పొడుగు మనిషి, చెమటకు ముఖమంతా ఎర్రబడింది. పేర్లు రాసుకున్నారా లేదా అని ఎవరినీ అడగలేదు. కింద పడుకున్న ప్రతి మనిషి దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని, రెప్ప ఎత్తి టార్చి వేసి చూస్తోంది. జంపఖానా వైపు చూడనే లేదు. నాయిన కన్ను చూసి వెంట ఉన్న నర్సుతో ఏదో అంది. నర్సు మా మనిషే.

"ఇన్ని దినాలు ఏం చేసిండ్రని అడుగుతాంది," అంది నర్సు.

"ఆమెకు బహుమతి నేసిండు. గిదే," అన్నాను.

నర్సు ఒక క్షణం నన్ను చూసి, ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరమ్మ అప్పుడు కిందికి చూసింది. మళ్లీ నన్ను చూసింది. ఆమె ముఖం ఇంకా ఎర్రబడింది. మాట పెద్దగా అనలేదు గానీ ఒక్కొక్కటీ కొరికినట్టు అంది.

నర్సు గొంతు తగ్గించి చెప్పింది. "మా ఇంట్ల కింద పరుచుకునేటియి మస్తున్నయి, ఆయనకు ఇంకో కన్నున్నదా అంటాంది."

నేను ఇంతవరకూ విన్న ఉపన్యాసాలన్నిటిలోకీ మంచిది అదే. మైకు కూడా లేదు.

నాయినను లోపలికి తీసుకుపోయారు. తర్వాత ముసలామె అనుకున్నాం. ఆమె జడ ముడి వేసుకుని లేచి కూర్చుంది. ఇంతలో సేటు, బ్యాడ్జీల వాళ్లు వరండాలోకి వచ్చారు. కరెంటు పోయింది. ఉన్నది ఒక్కటే జనరేటరు. అది ఆపరేషన్ గదికి నడుస్తోంది. స్టేజీ మీద మైకులకు, ట్యూబులైట్లకు అదే కావాలట. మంత్రిగారు హనుమకొండ దాటారట. నాయిన ఆపరేషన్ అయ్యేదాకా ఆగి, తీగ పీకి స్టేజీకి కలిపారు. డాక్టరమ్మ గదిలోంచి చేతి తొడుగులతోనే బయటికొచ్చి గట్టిగా అడిగింది. ఇంగ్లీషు రానివాళ్లకు కూడా అర్థమయ్యేంత గట్టిగా. సేటు నవ్వుతూ చేతులు జోడించాడు. నవ్వుతూ చేతులు జోడించే మనిషితో తగువు పడటం ఎట్లాగో వాళ్ల దేశంలో నేర్పరు కాబోలు.

"అవ్వా, వచ్చే ఏడు రా," అన్నాడు బ్యాడ్జి మనిషి ముసలామెతో.

"ముదరలేదా బిడ్డా?" అంది ఆమె.

ఆమె మనవడు మూట ఎత్తుకుని ఆమె చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు. వచ్చే ఏడు శిబిరం రాలేదు. ఆ పై ఏడు కూడా రాలేదు. మంత్రి మాత్రం రెండు మూడు సార్లు వచ్చాడు, వేరే పనుల మీద.

నాయిన కన్నుకు కట్టుతో, తల అటూ ఇటూ కదలకుండా ఇసుక సంచుల మధ్య పడుకుని ఉన్నాడు. కిటికీలోంచి ఫంక్షను వినబడుతోంది. వెలుగు గురించి చాలాసేపు మాట్లాడారు, జనరేటరు వెలుగులో. ఆఖరుకు డాక్టరమ్మకు బహుమతి ఇచ్చారు. ఇత్తడి కాకతీయ తోరణం, అద్దాల పెట్టెలో. అంగట్లో దొరుకుతుంది. పోయి, కొని, రంగుకాగితం చుట్టించుకుని రావడానికి అరగంట.

ఆ అరగంట పని ముందే చేసి ఉంటే మా నాయిన మొదటి రోజే పోయేవాడు. ఆఖరి రోజు వెలుతురు ఆ ముసలామెకు దక్కేది. దీన్ని నేను ఎన్నిసార్లు, ఎన్ని రకాలుగా జోకు చేసి చెప్పినా, చివరికి వచ్చేసరికి నా గొంతు మారిపోతుంది. వినేవాళ్లు అప్పుడు చాయ్ కప్పు వైపు చూస్తారు.

కొన్నాళ్లకు నాయినకు అద్దాలొచ్చాయి. సీసా అడుగంత మందం ఉన్న అద్దాలు. వాటిలోంచి చూస్తే ప్రతిదీ ఉన్నదానికంటే పెద్దగా, దగ్గరగా కనబడుతుందట. గ్లాసు అందుకోబోయి గాలిని పట్టుకునేవాడు. ఆయన మొదట అడిగింది జంపఖానా. వాకిట్లో ఎండలో పరిచాం. చాలాసేపు చూశాడు. నీలాన్ని చూసి, "ఇంత నీలమా?" అన్నాడు, ఎవరో మోసం చేసినట్టు. బొగ్గు కన్ను చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత నేను కోసిన అంచు దగ్గరికి వచ్చి, అద్దాలు సర్దుకుని, దాని వెంబడి ఈ చివర నుంచి ఆ చివర దాకా వంగకుండా నడిచాడు.

"కత్తెర పట్టనీకె రాదా నీకు?" అన్నాడు. "వంకర కోసినవ్."

అంతే.

తర్వాత ఒకనాడు మిట్టమధ్యాహ్నం సేటు ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. చలిదేశానికి రిపోర్టు పంపాలి, చూపు వచ్చిన నేతగాడు జంపఖానాతో నిలబడాలి, ఆ పాడైన కన్ను వెనక్కి మడిచి పట్టుకోవాలి. నాయిన సోడాబుడ్డి అద్దాలతో సేటును పైనుంచి కిందిదాకా చూశాడు.

"మీరేనా సేటూ?" అన్నాడు. "ఇన్నొద్దులు గొంతే ఇన్న. ఇంక పెద్దగుంటరనుకున్న."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోటోగ్రాఫర్ దగ్గాడు.

"నా పక్కపొంటి పండుకున్నామె, వర్ధన్నపేట దిక్కామె, ఆమె కన్నేమైంది సేటూ?"

"ఏ ఆమె?" అన్నాడు సేటు. నిజంగానే ఆయనకు గుర్తు లేదు. అబద్ధమాడినా బాగుండేది.

నాయిన జంపఖానా అందుకుని, మడత విప్పి, బొగ్గు కన్నును ముందుకు తిప్పి, ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు.

"తీయుండ్రి. గిది ఆ ముసలామె కన్ను," అన్నాడు.

ఫోటో తీశారు. రిపోర్టు అచ్చయి వచ్చాక సేటు మిల్లు ఆఫీసులో చూశాను. తోరణం ఫోటో ఉంది, మంత్రి ఫోటో ఉంది. మా నాయినది లేదు. ఎందుకు లేదని అడిగితే గుమాస్తా చెప్పాడు, వెలుతురు సరిపోలేదట.